కుడిచేతిలో తెల్లగోళీ

"రష్యా ఓటా? మన సభలో రష్యావాడికి ఓటు ఎవడిచ్చాడయ్యా?"

వెనక బెంచీలోంచి ఫొతాకె ముసలాయన అరిచిన అరుపుకి బుకరెస్టులో మా సభ ఉన్న మిత్రోపొలి కొండమీది పావురాలన్నీ ఒక్కసారి లేచిపోయాయి. నిజానికి సభాపతిగారు అన్నది "రహస్య ఓటు" అని. ఫొతాకెగారి చెవులు పదేళ్ళ కిందటే పదవీ విరమణ చేశాయి. ఆయనకి వినపడలేదు సరే, ఆయన అరుపు మాత్రం పై గ్యాలరీలో ఉన్న కాలేజీ కుర్రాళ్ళందరికీ వినపడింది.

"అమ్ముడుపోయారు! సభని రష్యాకి అమ్మేశారు!" అని పైనుంచి కేకలు. ఓ టోపీ వచ్చి సభాపతిగారి సిరాబుడ్డిలో పడింది. ఆయన గంట కొడుతున్నారు, గంట వినేవాడు లేడు.

"రహస్యం! ర-హ-స్యం!" అని సభాపతి.

"అదే కదా నేనూ అంటున్నది! రష్యా ఇంత బాహాటంగా వస్తే ఇంక రహస్యం ఏముంది?" అని ఫొతాకె.

చివరికి నేను వెళ్ళి ఆయన చెవికి నోరు ఆనించి, "తాతా, గోళీల ఓటు! ఎవడు ఎటు వేశాడో తెలీని ఓటు!" అని మొత్తుకుంటే, "అలా చెప్పరేం మరి" అని కూర్చున్నాడు. సభంతా పగలబడి నవ్వింది. నెలరోజుల తర్వాత ఆ హాల్లో నవ్వు వినపడడం అదే మొదలు. నాకు ఆ నవ్వు రుచి తగిలింది. నావల్ల వచ్చింది కాదు కదా అని కాస్త అసూయ కూడా కలిగింది. ఈ మాట దాచడం ఎందుకు?

నా పేరు పనాయిత్. ప్రుత్ నది అవతలి మూడు జిల్లాల్లో ఒకదానికి ప్రతినిధిని. బెర్లిన్‌లో పెద్ద రాజ్యాలన్నీ కూర్చుని మా చిన్న రాజ్యానికి స్వాతంత్ర్యం ఇచ్చాయి. దనూబ్ అవతల సముద్రం దాకా దొబ్రుజా అంతా ఇచ్చాయి. ఆ చేత్తోనే మా మూడు జిల్లాలూ తీసి రష్యా జేబులో పెట్టాయి. మొన్నటి యుద్ధంలో రష్యా పక్కన నిలబడి చచ్చింది మావాళ్ళే. పక్కన నిలబడ్డవాడి జేబే కదా దగ్గర!

ఆ ఉదయమే పెద్ద బిల్లులో అసలు నిబంధనలన్నీ నెగ్గాయి. గొప్ప గొప్ప ప్రసంగాలు అయ్యాయి. దేశానికి సముద్రం వచ్చిందని ఒకాయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. సభ దానికి పెట్టిన పేరు విస్తరణ. మా జిల్లాలో దాన్ని విసర్జన అంటారు. నా జిల్లాని వదులుకునే కాగితం మీద నా ముందే చప్పట్లు కొట్టారు. జిల్లా పోతే ప్రతినిధి ఎవరికి ప్రతి, ఎవరికి నిధి?

ఇక మిగిలింది మనొలాకె అన్న పెట్టిన సవరణ ఒక్కటే.

మనొలాకె మా జిల్లా రెండో ప్రతినిధి. డెబ్బై రెండేళ్ళ మనిషి, సల్చియా అనే ఊళ్ళో ద్రాక్షతోటలవాడు. ఆ ఊరు ఊరంతా రష్యా కింద ఉండం, నది దాటి వచ్చేస్తాం అంది. వచ్చి ఏం తినాలి? అందుకని ఆయన రెండే రెండు వాక్యాల సవరణ రాశాడు. వదిలేసిన జిల్లాల నుంచి వచ్చే ప్రతి కుటుంబానికి కొత్తగా వచ్చిన దొబ్రుజాలో పది ఎకరాలు ఇవ్వాలి. వాళ్ళు దాటడానికి పడవలు పెట్టాలి. అంతే. మంత్రిగారికి అది ఇష్టం లేదు. ఆ నేలమీద అప్పటికే చాలామంది పెద్దవాళ్ళ కళ్ళు పడ్డాయి.

మేం ఊరినుంచి బయల్దేరిన రోజు సఫ్తా అనే విధవరాలు బండి పట్టె పట్టుకుని ఆపింది. "దొరా, మా ఆయన గ్రివిత్సా కోట దగ్గర ఆ రష్యావాళ్ళ పక్కనే పడ్డాడు. ఇప్పుడు వాళ్ళకే దణ్ణాలు పెట్టమంటే నావల్ల కాదు. ఏదో ఒక బురద ఇప్పించండి. మన బురదైతే చాలు." ఆమె పెరట్లో ద్రాక్ష కొమ్మలు కోసి, తడిగోనెలో చుట్టి పెట్టి ఉన్నాయి. అరవై ఇళ్ళలోనూ అలాగే ఉన్నాయి. కొత్తనేలలో నాటుకోవాలని.

మనొలాకె మూడువారాలు బుకరెస్టులో మెట్లెక్కని ఇల్లు లేదు. ప్రతినిధి ఇంటికి వెళ్ళడం, కాఫీ తాగడం, సల్చియా కథ చెప్పడం, సంతకం పెట్టించడం. అలా నలభై మూడు సంతకాలు పోగుచేశాడు. సభలో ఉన్నది ఎనభై నాలుగు మంది.

"నెగ్గాం పనాయిత్," అన్నాడు ఆ పొద్దున మెట్లమీద ఆయాసపడుతూ. "ఒక్క ఓటు ఎక్కువ. ఒక్కటి చాలు కదూ?"

"అన్నా, ఓటుకి ఓటమి చుట్టం. పిలవకుండానే వెంట వస్తుంది. నవ్వకు, జాగ్రత్తగా ఉండు," అన్నాను నేను. ఆయన నవ్వాడు. నేనేమన్నా నవ్వేవాడు ఆయన. అలాంటి శ్రోత దొరకడం ఎంత అదృష్టమో మాటలమ్ముకుని బతికేవాడికే తెలుస్తుంది.

మా సభలో గోళీల ఓటు ఎలా వేస్తారో చెప్పాలి. బంట్రోతు పళ్ళెంతో వచ్చి ప్రతివాడికీ రెండు కర్రగోళీలు ఇస్తాడు, ఒకటి తెల్లది, ఒకటి నల్లది. సభాపతి బల్లమీద రెండు కుండలు ఉంటాయి. కుడివైపు తెల్లకుండ, అదే లెక్కపెట్టే కుండ. ఎడమవైపు నల్లకుండ. ఒప్పుకున్నవాడు తెల్లగోళీ తెల్లకుండలో వేసి, మిగిలిన నల్లది నల్లకుండలో పారేస్తాడు. ఒప్పుకోనివాడు తారుమారు చేస్తాడు. కుండల మూతికి గుడ్డ కుచ్చులు ఉంటాయి కాబట్టి, పిడికిలి లోపలికి వెళ్ళాక ఏది జారిందో ఆ దేవుడికీ ఆ కుండకీ తప్ప తెలీదు.

మనొలాకె అన్నకీ తెలీదు. ఎందుకంటే ఆయన రెండు కళ్ళకీ శుక్లాలు. మనుషులు నీడల్లా కనపడతారు, రంగులు అసలు కనపడవు. ఈ సంగతి నాకొక్కడికే తెలుసు. గుడ్డివాడిని పంపారని జిల్లా నవ్వుతుందని ఆయన భయం. నాలుగేళ్ళుగా మాదొక ఏర్పాటు. పక్కపక్కన కూర్చుంటాం. గోళీలు రాగానే నేను బెంచీ కింద ఆయన చేతుల్లో సర్దుతాను. అవునంటే కుడిచేతిలో తెల్లది. కాదంటే ఎడమచేతిలో తెల్లది. ఆయన తిన్నగా నడిచి వెళ్ళి, కుడిచెయ్యి కుడికుండలో, ఎడమచెయ్యి ఎడమకుండలో పెట్టి వచ్చేస్తాడు. పేర్లు పిలిచే వరసలో నాది ముందు, నా వెనకే ఆయనది.

ఆ సాయంత్రం కుడిచేతిలో తెల్లది పెట్టి, వేళ్ళు మూసి, పైన నా చెయ్యి వేసి నొక్కాను.

"కుడి," అన్నాను.

"సల్చియా," అన్నాడాయన.

నా పేరు పిలిచారు. వెళ్ళాను, వేశాను, తిరిగాను. మెట్టు దిగుతుంటే ముందు వరసలో మంత్రిగారు కూర్చుని ఉన్నారు. పాపం, ఆయన తల వానాకాలపు చెరువులా నున్నగా తళతళలాడుతూ ఉంటుంది.

"ఏం పనాయిత్‌గారూ, ఈ సవరణ లేకపోతే దేశం మునిగిపోతుందా?" అన్నారాయన వెటకారంగా.

నేను ఆగాను. సభ నావైపు చూసింది. నోరు మూసుకుని నా చోటికి వెళ్ళి కూర్చోవలసింది. కూర్చోలేదు.

"దేశానికేం కాదండీ. మీ సంగతే నా దిగులు. సవరణ వద్దంటే మానె, కనీసం సవరమైనా ఒప్పుకోండి. చలికాలం వస్తోంది!"

సభ బద్దలైంది. బెంచీలు చరిచారు. ప్రతిపక్షం నవ్వింది, మంత్రిపక్షం మంత్రిని చూసి ఆపుకుని, ఆపుకోలేక నవ్వింది. ఫొతాకె "ఏమన్నాడు, ఏమన్నాడు?" అని పక్కవాడిని పీకుతున్నాడు. గ్యాలరీ చప్పట్లు కొట్టింది. నేను చెయ్యి గుండెమీద పెట్టుకుని వంగి దణ్ణం పెట్టాను, ఒకసారి ఇటు, ఒకసారి అటు.

అటు వంగినప్పుడు కనపడింది. మనొలాకె మెట్టుమీద నిలబడి వణికిపోతూ నవ్వుతున్నాడు. నవ్వి నవ్వి కళ్ళలో నీళ్ళు వచ్చాయి. రెండు గోళీలూ ఒకే గుప్పిట్లోకి తీసుకున్నాడు. జేబురుమాలు తీశాడు, కళ్ళు తుడుచుకున్నాడు, రుమాలు జేబులో పెట్టాడు. తర్వాత గుప్పిట్లోవి మళ్ళీ రెండు చేతుల్లోకి పంచుకున్నాడు. ఏది ఎటు వెళ్ళిందో ఆయన చూసుకోలేదు. చూసుకోవడానికి ఆయనకి ఏముంది?

అరుద్దామనుకున్నాను. నవ్వు ఇంకా ఆగలేదు. ఆ నవ్వులో నేను ఇంకా తడుస్తున్నాను. ఏం కాదులే అనుకున్నాను. సగం సగం అవకాశం కదా అనుకున్నాను. ఆయన రెండు పిడికిళ్ళూ రెండు కుండల్లోకి వెళ్ళి ఖాళీగా తిరిగొచ్చాయి.

సభాపతి తెల్లకుండని పళ్ళెంలోకి వంచారు.

"తెల్లవి నలభై రెండు. నల్లవి నలభై రెండు. సరిసమానం. సమానమైతే సవరణ వీగిపోయినట్టే. తర్వాతి అంశం."

తర్వాతి అంశం కొత్త ఓడరేవులో దీపస్తంభం.

మనొలాకె నా మోచెయ్యి పట్టుకున్నాడు. "ఎవడు?" అన్నాడు. "సంతకం పెట్టి నల్లది వేసింది ఎవడు? ఆ వెధవ ఎవడో నువ్వు చూశావా?"

"రహస్య ఓటు కదన్నా," అన్నాను.

రెండు రోజుల్లో ఆ వెధవ ఎవరో బుకరెస్టు అంతా తేల్చేసింది. మనొలాకె అన్నే. ఎందుకంటే అంతకు వారం ముందే ఆయన మేనల్లుడికి దొబ్రుజాలోని తుల్చా రేవులో సుంకాల కచేరీలో ఉద్యోగం వచ్చింది. కుర్రాడు స్వయంగా పరీక్ష రాసి తెచ్చుకున్నాడు. ఎవరు వింటారు? ఫొతాకె సభ మెట్లమీద ఎదురొచ్చి, అందరూ వినేలా అన్నాడు: "శుభం మనొలాకె! సుంకం వసూలు చేసే ఉద్యోగమట కదా. మొదటి సుంకం మీ ఊరివాళ్ళ దగ్గరే వసూలు చేసినట్టున్నావు."

మనొలాకె బసకొచ్చి సెయింట్ నికొలాయ్ పటం ముందు మోకాళ్ళమీద పడి, తెల్లదే వేశానని ప్రమాణం చేశాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. చెప్తే ఆయన గుడ్డితనం బయటపడుతుంది, ఆయన పరువు కాపాడాలి అని నాకు నేను చెప్పుకున్నాను. మూడు వారాలు అలాగే చెప్పుకున్నాను. అంత తెలివైన అబద్ధం నేను సభలో కూడా ఎప్పుడూ ఆడలేదు.

"ఊరికి పోతాను," అన్నాడు చివరికి. "వాళ్ళకి నేనే చెప్పుకోవాలి. నువ్వూ రా. నీ మాటలంటే వాళ్ళకి ఇష్టం, నవ్వుతారు."

జిల్లాలు అప్పగించడానికి ఇంకా నాలుగు రోజులుంది. ప్రుత్ రేవు దాటి సల్చియా చేరేసరికి పగలు పదకొండు అయింది. ఊరంతా చర్చి ముంగిట్లో ఉంది. యుద్ధంలో పోయినవాళ్ళకి ఆ ఊళ్ళో చివరి ప్రార్థన అది. బుకరెస్టు మాటలు మాకంటే ముందే చేరినట్టున్నాయి, మమ్మల్ని చూసి ఎవరూ లేవలేదు, టోపీ తియ్యలేదు. సఫ్తా ఇంటి గోడపక్క ద్రాక్షకొమ్మల గోనె ఎండిపోయి పడి ఉంది. ఎవరూ తడపడం లేదు.

మా ఆచారంలో ప్రతి ఇంటివాళ్ళూ ఫాదర్‌గారికి రెండు పేర్ల చీటీలు ఇస్తారు. ఒకటి బతికున్నవాళ్ళది, వాళ్ళ ఆరోగ్యం కోసం. రెండోది పోయినవాళ్ళది, వాళ్ళ ఆత్మశాంతి కోసం. ఫాదర్ ఇల్యే వరసగా పోయినవాళ్ళ చీటీలు చదువుతున్నాడు, తల ఎత్తకుండా, గొంతు మార్చకుండా.

"...గ్రిగొరె, ఆంద్రెయ్, సిమియోన్, మనొలాకె..."

తర్వాతి చీటీ తీశాడు. "...తూదొర్, మనొలాకె..." ఇంకో చీటీ. "...లుపు, మనొలాకె..."

అక్కడ ఆగాడు. తల ఎత్తాడు. మమ్మల్ని చూశాడు, చీటీల కట్ట చూశాడు.

మనొలాకె నావైపు వంగి గుసగుసగా అడిగాడు: "మన ఊళ్ళో ఇంతమంది మనొలాకెలు ఎప్పుడు పోయారురా? నాకు ఎవరూ చెప్పలేదే."



సఫ్తా లేచి వచ్చింది. పోయినవాళ్ళ పేరు మీద పంచే తీపిగోధుమల పళ్ళెం చేతిలో ఉంది. పైన అక్రోటు పలుకులు, నల్ల ఎండుద్రాక్షలు, తెల్లటి చక్కెరబిళ్ళలు అద్దారు. పళ్ళెం ఆయన ఛాతీకి తగిలేలా పట్టుకుంది.

"తీసుకోండి దొరా. మీ పేరు మీదే వండాం. అరవై ఇళ్ళవాళ్ళం తలో పిడికెడు గోధుమలు వేశాం. దేవుడు మీ ఆత్మని క్షమించాలి."

అప్పుడు అర్థమైంది ఆయనకి. రెండు చేతులూ గాల్లోకి చాచి వెతికాడు, పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. "తెల్లదే వేశాను తల్లీ," అన్నాడు. "నా బిడ్డల మీద ఒట్టు. తెల్లదే వేశాను."

"ఒట్లు చాలు దొరా. మీరు ఒట్టేస్తే మా ఊరు పోయింది," అన్నాడు వెనకనుంచి ఎవరో.

"ఆయన నల్లదే వేశాడు," అన్నాను నేను.

అందరూ నావైపు తిరిగారు. మనొలాకె కూడా తిరిగాడు, నా గొంతు వచ్చిన వైపుకి.

"నల్లదే వేశాడు. కానీ ఆయనకి తెలీదు. ఆయనకి కళ్ళు కనపడవు. నాలుగేళ్ళ నుంచి కనపడవు. నేను సర్ది ఇచ్చాను, సరిగ్గానే ఇచ్చాను. తర్వాత నేనే చెడగొట్టాను."

"సర్దడమేంటి? గోళీలేంటి?" అంది సఫ్తా. "మాకు తెలిసేలా చెప్పు అయ్యా. నీ మాటల గారడీ వద్దు."

వాళ్ళకి సభ అంటే తెలుసుగానీ గోళీల సంగతి తెలీదు. ఎవరు చెప్పారు కనుక? నేను ప్రార్థన బల్లమీంచి తెల్ల పింగాణీ గిన్నె ఒకటి, నల్ల మట్టిగిన్నె ఒకటి తీసి నేలమీద పెట్టాను, తెల్లది కుడివైపు, నల్లది ఎడమవైపు. సఫ్తా పళ్ళెంలోంచి ఒక చక్కెరబిళ్ళ, ఒక నల్ల ఎండుద్రాక్ష తీసుకున్నాను. ఊరంతా చుట్టూ మూగింది. ముసలివాళ్ళు ముందుకొచ్చి వంగి చూశారు.

"ఇది మీకు నేల ఇమ్మని. ఇది వద్దని. తెల్లగిన్నెలో ఏది పడితే అది లెక్క. ఆయన కుడిచేతిలో తెల్లది పెట్టాను, ఇదిగో ఇలా. వెళ్తుంటే నేను మంత్రిమీద ఒక మాట అన్నాను. అందరూ నవ్వారు. ఈయన కూడా నవ్వాడు. కళ్ళలో నీళ్ళొచ్చాయి. తుడుచుకోవడానికి రెండూ ఒక చేతిలోకి తీసుకున్నాడు, మళ్ళీ పంచుకున్నాడు. లెక్కలో ఒక్క తెల్లది తగ్గింది, అంటే ఇటుది అటు అయింది, అటుది ఇటు అయింది. ఆయన పంచుకోవడం నేను చూశాను. చూసి కూడా అరవలేదు. ఆ ఒక్క గోళీతో మీ నేల పోయింది."

"ఏం మాట?" అన్నాడు ఫాదర్ ఇల్యే.

"ఏంటి ఫాదర్?"

"మంత్రిని ఏమన్నావు?"

చెప్పాను. సవరణ, సవరం, బట్టతల, అంతా చెప్పాను. ఆ ముంగిట్లో ఎవరూ నవ్వలేదు. నా జీవితంలో అంత స్పష్టంగా పలికిన హాస్యం ఇంకొకటి లేదు, అంత నిశ్శబ్దమూ ఇంకొకటి లేదు.

సఫ్తా రెండు గిన్నెల వైపు చూసింది. "అయితే ఎవరూ అమ్మలేదా మమ్మల్ని?" అంది.

"లేదక్కా."

"అమ్మారనుకుంటే కాస్త నయంగా ఉండేది. ఎవడికో మేం కావలసి వచ్చాం, దానికో ధర పలికింది అనుకునేదాన్ని." ఆమె పళ్ళెం కింద పెట్టింది. "మళ్ళీ వెయ్యొచ్చా ఆ గోళీలు?"

"వీల్లేదు. సభ ముగిసింది. చట్టం అచ్చయిపోయింది."

ఒకరిద్దరు అక్కడే నేలమీద కూలబడ్డారు. ఎవరో ఆడమనిషి ఇంటివైపు నడవడం మొదలుపెట్టి, గుమ్మం దాకా వెళ్ళి, లోపలికి పోకుండా అక్కడే నిలబడిపోయింది.

మనొలాకె అన్న నెమ్మదిగా మోకాళ్ళమీద కూర్చున్నాడు.

"పనాయిత్," అన్నాడు. "గిన్నెలు ఎక్కడున్నాయి?"

"నీ ముందే అన్నా."

"ఆ రెండూ నా చేతుల్లో పెట్టు. సరిగ్గా పెట్టు."

కుడిచేతిలో చక్కెరబిళ్ళ పెట్టాను. ఎడమచేతిలో ఎండుద్రాక్ష పెట్టాను.  ఊరంతా చూస్తుండగా ఆయన రెండు చేతులూ ముందుకు చాచి, గిన్నెల అంచులు తడుముకుని, ఒకేసారి వేళ్ళు విప్పాడు.

"ఏది ఎందులో పడింది?" అని అడిగాడు.

"తెల్లది తెల్లదాంట్లో పడింది దొరా," అంది సఫ్తా.